గోబర్ గ్యాస్ స్లర్రీలో మిగిలిపోయేవి

సభకు నమస్కారం.

పశువుకు వేసిన యాంటీబయాటిక్ అంతా దాని ఒంట్లోనే ఖర్చయిపోదు. టెట్రాసైక్లిన్ వంటి మందులలో చాలా భాగం మార్పు చెందకుండానే పేడలోనూ మూత్రంలోనూ బయటికి వస్తుంది. ఆ మందును తట్టుకొని పేగులో నిలిచిన బ్యాక్టీరియా కూడా దానితోపాటే వస్తుంది. పొదుగువాపుకు మందు వేసినప్పుడు ఇన్ని రోజులు పాలు అమ్మవద్దని డాక్టరుగారు చెబుతారు గాని, ఆ రోజులలో పడిన పేడ సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ పేడ గోబర్ గ్యాస్ ప్లాంటులో పడి స్లర్రీగా, అంటే గ్యాస్ తీశాక మిగిలే పల్చటి పేడగా, బయటికి వస్తే శుద్ధి అయిపోయినట్లేనని చాలామంది నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. గాలి తగలని ఆ తొట్టిలో ఆమ్లాలు, అమ్మోనియా, ఆహారం కోసం పోటీ కలిసి ఈ-కోలై వంటి పేగు బ్యాక్టీరియాను బాగా తగ్గిస్తాయి. అయితే వందకు తొంభైతొమ్మిది చచ్చాయన్నా, గ్రాము పేడలో పది లక్షలు ఉన్నచోట ఇంకా పది వేలు మిగులుతాయి. క్లాస్ట్రీడియం వంటివైతే గట్టి పెంకు గల సిద్ధబీజాలుగా మారి, దాదాపు చెక్కుచెదరకుండా బయటపడతాయి.

ఇక్కడ వేడిదే పెద్ద పాత్ర. 55 డిగ్రీల వద్ద నడిచే ప్లాంటులో గంటలలో జరిగే పని 35 డిగ్రీల వద్ద రోజులు, వారాలు పడుతుంది. మన పల్లెల్లోని దీనబంధు నమూనా ప్లాంటుకు వేడిచేసే ఏర్పాటే లేదు. చుట్టూ ఉన్న నేల ఎంత వెచ్చగా ఉంటే అదీ అంతే. పైగా, పేడ నలభై రోజులు లోపల ఉంటుందని మనం చెప్పేది సగటు లెక్క మాత్రమే. రోజూ ఒకవైపు పోస్తూ ఉంటే మరోవైపు పొంగి వచ్చే తొట్టి కనుక, నిన్న మొన్న పోసినదానిలో కొంత అడ్డదారిన ముందే వచ్చేస్తుంది. ఐరోపా సమాఖ్యలో కబేళా వ్యర్థాల వంటివాటిని బయోగ్యాస్‌కు వాడాలంటే, 12 మిల్లీమీటర్లకు మించని ముక్కలు చేసి 70 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలన్న నిబంధన పెట్టడం వెనుక ఉన్నది ఈ అనుమానమే.

బ్యాక్టీరియా చచ్చినంత మాత్రాన దానికి మందును తట్టుకొనే శక్తినిచ్చే నిరోధక జన్యువు కూడా పోయిందనుకోలేము. 2015లో చైనా శాస్త్రజ్ఞులు పందులలో, మాంసంలో, రోగులలో కూడా గుర్తించిన ఎంసీఆర్-1 జన్యువు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పనిచేయకుండా చేస్తుంది. అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉండి, ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి చేతులు మారుతుంది. ప్రాణాపాయ స్థితిలో వాడే ఆఖరి మందులలో కొలిస్టిన్ ఒకటి. దానినే కోళ్లకు బరువు పెరగడానికి మేపిన కాలం మనకూ ఉంది. 2019 జూలైలో గాని కేంద్ర ప్రభుత్వం ఆహార పశువులలో దానిని నిషేధించలేదు. డైజెస్టర్‌లో, అంటే గ్యాస్ ప్లాంటు తొట్టిలో, ఇటువంటి జన్యువులలో కొన్ని తగ్గుతాయి, కొన్ని అలాగే ఉంటాయి, తొట్టిలో స్థిరపడ్డ వేరే బ్యాక్టీరియాకు చేరి పెరిగినవీ ఉన్నాయి. కనుక ఈ-కోలై లెక్క ఒక్కటే చూసి స్లర్రీ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

అలాగని గ్యాస్ ప్లాంటు వద్దనడం లేదు. పచ్చిపేడను పొలంలో వేయడం కంటే ఇది నయమే. స్లర్రీని నేరుగా ఆకుకూరల మడిలోకి వదలకుండా, ఎండుగడ్డితో, చెత్తతో కలిపి కుప్పవేసి కంపోస్టు చేస్తే, కుప్ప నడుమ వేడి 55 డిగ్రీలు దాటుతుంది. అంచులు మాత్రం చల్లగానే ఉండిపోతాయి గనుక, బయటిది లోపలికి వచ్చేలా కుప్పను కొన్నిసార్లు తిరగవేయాలి.