ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన ఒక తప్పు చెప్పండి’ అని అడిగితే?

[కెమెరా ముందు]

నమస్తే. డీసీఎఫ్ వాల్యుయేషన్, అంటే రాబోయే నగదును బట్టి కంపెనీ విలువ కట్టే పద్ధతి, అడిగితే గడగడా చెప్పేస్తారు. మూడు ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే మనిషిని ‘‘మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి’’ అంటే గొంతు తడారిపోతుంది. మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తూ నేను ఇది మళ్లీ మళ్లీ చూశాను. బాగా చదువుకున్న పిల్లలు ఈ ఒక్క దగ్గర ఆగిపోతుంటే బాధేస్తుంది. అందుకే ఈ వీడియో.

ఇలాంటి వాటిని బిహేవియరల్ ప్రశ్నలంటారు. టీములో ఒకరితో పొసగనప్పుడు ఏం చేశారు? గడువు ముంచుకొచ్చినప్పుడు ఏం చేశారు? అన్నీ జరిగిపోయినవాటి గురించే. నిన్న ఎలా నడుచుకున్నారో రేపూ అలాగే నడుచుకుంటారన్న నమ్మకం వీటి వెనక ఉంది.

[స్క్రీన్ మీద: అనలిస్ట్ → అసోసియేట్ → వైస్ ప్రెసిడెంట్ → డైరెక్టర్ → మేనేజింగ్ డైరెక్టర్]

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులకు, అంటే కంపెనీల కొనుగోళ్లకూ నిధుల సేకరణకూ సాయపడే సంస్థలకు, ఇదెందుకు? ఈ వరస చూడండి. కొత్తగా చేరిన అనలిస్టు ఎక్సెల్‌లో వేసిన అంకె పైవాళ్ల చేతులు మారుతూ క్లయింటుకి చూపించే ప్రతిపాదన పుస్తకంలోకి, అదే పిచ్ బుక్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి క్లయింటు బోర్డు ముందుకు వెళ్తుంది. కింద జరిగిన పొరపాటు పైన ఎవరికీ కనబడకపోవచ్చు. రాత్రి పన్నెండింటికి తన తప్పు తనకే తెలిసినప్పుడు వెంటనే ఫోన్ చేసి చెప్పే మనిషా, నోరు మూసుకుని పడుకునే మనిషా? ఎదుట కూర్చున్నవాళ్లకు కావాల్సిన సమాధానం ఇదే. పైగా నిద్ర చాలని పని. 2021లో అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్‌లో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు తమలో తాము చేసుకున్న సర్వే బయటికొచ్చింది. వారానికి సగటున 95 గంటలు పనిచేస్తున్నామని అందులో రాశారు. ఒత్తిడి గురించి ఊరికే అడగరు.

ఇప్పుడు అసలు విషయం. గుంటూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, సీఏ చదువులో భాగంగా ఆడిట్ ఆఫీసులో చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్ చేసింది. తప్పు గురించి అడిగాను. ఆమె చెప్పింది ఇది:

‘‘మేం ఒక స్టాక్ ఆడిట్ చేశాం. లెక్కలో కొంచెం తేడా వచ్చింది. టీమంతా కష్టపడి సరిచేశాం.’’

అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అందులో ఆమె ఎక్కడుంది? మనం తెలుగులో ఎలా మాట్లాడతామో ఒకసారి గమనించండి. గ్లాసు పగిలింది అంటాం. తప్పు జరిగింది అంటాం. తేడా దానంతట అదే వస్తుంది, ఎవరూ చెయ్యరు. మంచి పని చేస్తేనేమో ‘చేశాను’ అంటే సొంత డబ్బా అవుతుందని ‘చేశాం’ అంటాం. ఇది మన మర్యాద, మంచిదే. అయితే ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరిగినా మాటలు ఈ అచ్చులోంచే వస్తాయి. అప్పుడు తప్పూ మనది కాకుండా పోతుంది, దిద్దిందీ మనం కాకుండా పోతుంది. మార్కులు వేద్దామన్నా పెన్ను పెట్టడానికి చోటుండదు.

‘‘ఆ తేడా ఎవరి వల్ల వచ్చింది?’’ అని అడిగాను. కాసేపు ఊరుకుని, ‘‘నా వల్లే సార్’’ అంది. ఆ తర్వాత కదిలింది అసలు కథ.

[విజువల్: కోల్డ్ స్టోరేజీలో వరసగా పేర్చిన మిర్చి టిక్కీలు]

కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టాలి. వాటి మీద బ్యాంకు అప్పు ఉంది. ఒక లాటు రెండు ఛాంబర్లలో సగం సగం సర్ది ఉంది. ఆమె రెండు చోట్లా మొత్తం లాటు అంకే వేసింది. అరవై రెండు టిక్కీలు ఎక్కువ తేలాయి. షీటు సీనియర్‌కి పంపేసింది కూడా. రాత్రి పదకొండింటికి రిజిస్టరు ఫొటోలతో సరిచూసుకుంటుంటే కళ్లబడింది. అప్పటికప్పుడు ఫోన్ చేసింది. పొద్దున హమాలీలు పనిలోకి దిగకముందే వెళ్లి రెండు ఛాంబర్లూ మళ్లీ లెక్కపెట్టింది. ఆ తర్వాత షీటులో లాటు నంబరు పక్కన ఛాంబరు నంబరుకి ఒక కాలమ్ పెట్టింది, ఒకే లాటు రెండోసారి పడితే రంగు మారేలా. తర్వాత వెళ్లిన గోడౌన్లో అందరూ ఆ షీటే వాడారు.

ఈ రెండు జవాబులూ ఒకే సంఘటన గురించి. రెండో జవాబు విన్నాక ఆమెకి ఒక ఫైనాన్షియల్ మోడల్, అంటే కంపెనీ లెక్కల ఎక్సెల్ షీటు, అప్పగించవచ్చని నాకు అనిపించింది. కోట్ల డీలు అక్కర్లేదు, అరవై రెండు టిక్కీలు చాలు.

[స్క్రీన్ మీద: సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం]

మీరు స్టార్ పద్ధతి (సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్) అని వినే ఉంటారు, అది ఇదే. చిక్కెక్కడంటే అందరూ సందర్భం దగ్గరే నిమిషంన్నర తినేస్తారు. కంపెనీ, ప్రాజెక్టు, టీములో ఎంతమంది... రెండు నిమిషాల జవాబులో సందర్భానికీ బాధ్యతకీ కలిపి ముప్పై సెకన్లు ఇవ్వండి. కనీసం నిమిషం ‘నేను’తో మొదలయ్యే వాక్యాలకు వదలండి: చూశాను, ఫోన్ చేశాను, లెక్కపెట్టాను, మార్చాను.

టైము ఎందుకంటున్నానంటే, చాలాచోట్ల మొదటి రౌండులో ఎదురుగా మనిషే ఉండడు. అమెరికా క్యాంపస్‌లలో గోల్డ్‌మన్ శాక్స్ 2016లోనే మొదటి రౌండుని రికార్డెడ్ వీడియోకి మార్చింది. ప్రశ్న స్క్రీన్ మీద వస్తుంది, కాసేపు ఆలోచించుకోనిస్తుంది, తర్వాత గడియారం పరిగెడుతుంది. తల ఊపేవాళ్లు ఉండరు కాబట్టి ఇంట్లో ఫోన్ ముందు పెట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకోండి. ముంబైలో డీల్ టీముకైనా, హైదరాబాద్ ఆఫీసులో రిస్క్, ఆపరేషన్స్ లాంటి ఉద్యోగానికైనా ఈ ప్రశ్నలు తప్పవు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. ఇంటర్న్‌షిప్‌లో చూసిన క్లయింటు పేరు, ఇంకా బయటికి రాని డీలు సంగతి ఎంత గొప్పగా ఉన్నా చెప్పొద్దు. బయటపడని, ధరను కదిలించే సమాచారం పక్కవాళ్ల చెవిన వేయడాన్ని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు నిషేధిస్తాయి. ఇక్కడ నోరు జారితే రేపు మా క్లయింటు సంగతీ ఇంతే అనుకుంటారు. ‘ఒక కోల్డ్ స్టోరేజీ’ అంటే సరిపోతుంది.

పొసగని సహోద్యోగి ప్రశ్నకి అతని గుణగణాలు వర్ణించకండి, మీరు వెళ్లి ఏం మాట్లాడారో చెప్పండి. బలహీనత అడిగితే ‘నాకు అన్నీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలి’ అనొద్దు, అది విని విని వాళ్లు అలసిపోయారు.

ఇక జవాబు అయ్యాక తవ్వుతారు. కట్టుకథ అక్కడే కూలిపోతుంది. ఆ అమ్మాయిని రెండోసారి మాక్‌లో నేనూ తవ్వాను.

‘‘ఫోన్ చేస్తే మీ సీనియర్ ఏమన్నారు?’’

‘‘ముందు కోప్పడ్డారు సార్. తర్వాత ఎన్నింటికి బయల్దేరుతున్నావని అడిగారు. ఆయనా వచ్చారు.’’

ఈ మాట ఆమె ఎక్కడా రాసుకోలేదు, బట్టీ పట్టలేదు. తడుముకోకుండా చెప్పింది.