ఎనిమిది బ్యాటరీల చిన్న కారు

శ్రోతలకు నమస్కారం.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఎగుమతి నిలిపివేశాయి. అక్కడి పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. ఆ మరుసటి ఏడాదే ఫ్లోరిడా రాష్ట్రంలోని సీబ్రింగ్ అనే చిన్న పట్టణం నుంచి పెట్రోలు అక్కరలేని కారు ఒకటి బయటికి వచ్చింది. దాని పేరు సిటీకార్. తయారుచేసిన సంస్థ సీబ్రింగ్ వాన్‌గార్డ్. ఆ సంస్థను స్థాపించిన బాబ్ బోమాంట్ అంతకుముందు న్యూయార్క్ రాష్ట్రంలో క్రైస్లర్ కార్లు అమ్మిన డీలరు.

తలుపు కొట్టుకోకుండా కింద పెట్టే వాలు చెక్కముక్కలా ఉండేది దాని ఆకారం. పొడవు రెండున్నర మీటర్లకు మించదు. అల్యూమినియం గొట్టాల చట్రం, దానిపై ప్లాస్టిక్ తొడుగు, ఇద్దరు కూర్చునే చోటు, మూడున్నర హార్స్‌పవర్ మోటారు, ఇంతే ఆ కారు. మొదటి బండ్లలో 36 వోల్టులే ఉన్నా, తరువాతి వాటిలో సీటు కింద ఆరేసి వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది అమర్చారు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది వేగాన్ని మార్చే పద్ధతి. ఇప్పటి విద్యుత్ వాహనాల్లో ఆ పని ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తాయి. సిటీకార్‌లో మాత్రం బ్యాటరీల కలయికనే మార్చేవారు. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కితే బ్యాటరీలు నాలుగేసి చొప్పున రెండు జట్లుగా సమాంతరంగా కలిసి 24 వోల్టులు ఇచ్చేవి. ఆ విద్యుత్తు ముందుగా, ప్రవాహాన్ని తగ్గించే ఒక నిరోధకం (రెసిస్టర్) గుండా వెళ్ళేది కనుక బండి కుదుపు లేకుండా కదిలేది. మరికొంత తొక్కితే నిరోధకం తప్పుకునేది. పూర్తిగా తొక్కితే రెండు జట్లూ ఒకదాని వెనుక ఒకటిగా కలిసి మోటారుకు 48 వోల్టులు అందేవి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని సాధించిన ఇంజనీర్ల తెలివికి నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగం, ఒక ఛార్జింగుతో దాదాపు అంతే దూరం. రోజూ ఆఫీసుకు వెళ్ళి వచ్చేవారికి అది చాలు. 1975 నాటికి ఆ సంస్థ అమెరికా కార్ల తయారీదారుల్లో ఆరో స్థానానికి చేరింది. అదే ఏడాది కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఈ కారును పరీక్షించి, భద్రత దృష్ట్యా ఆమోదయోగ్యం కాదని తేల్చింది. పెద్ద పెద్ద కార్లు తిరిగే రోడ్లపై ఆ ప్లాస్టిక్ తొడుగును చూసి జనం భయపడటంలో తప్పు లేదు. బ్యాటరీల సంగతి అంతకన్నా కష్టం: బండి బరువులో మూడో వంతుకు పైగా సీసపు బ్యాటరీలదే, చలికాలంలో వాటి సత్తువ మరీ తగ్గిపోయేది. పెట్రోలు మళ్ళీ దొరకసాగింది. 1977లో సుమారు 2,300 కార్ల దగ్గర తయారీ ఆగిపోయింది.

ఆ నమూనాను కొన్న మరో సంస్థ, బ్యాటరీలను బంపర్లలోకి మార్చి, కమ్యూటా కార్ పేరుతో 1979 నుంచి కొన్నేళ్ళు తయారుచేసింది. రెండు సంస్థలవీ కలిపి మొత్తం 4,444 బండ్లు. వాటిలో మిగిలిన కొన్నింటికి, పాత సీసపు బ్యాటరీలు తీసివేసి, లిథియం బ్యాటరీలు అమర్చి నడుపుతున్నవారు నేటికీ అమెరికాలో ఉన్నారు.