చైనా ఇంగ్లీష్ పేపర్లో 25 మార్కుల సగం కథ

నమస్కారం. ఇవాళ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. చైనాలో స్కూలు చదువు ముగించే పిల్లలు రాసే ఇంగ్లీష్ పేపర్లో అది చివర్న వస్తుంది, 25 మార్కులకి. ఇంగ్లీష్ నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు ఆ ప్రశ్నని ఒక్కసారి దగ్గరగా చూడాలని నా కోరిక. పొద్దున పాఠం చదివి, సాయంత్రం మాటల అర్థాలు బట్టీ పట్టి, ఆదివారం వ్యాసం రాసి, ఈ మూడింటికీ సంబంధమే లేనట్టు చదువుకునే పిల్లలు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. ఆ ప్రశ్న ముందు అలాంటి చదువు నిలబడదు.

ముందు పరీక్ష సంగతి చెప్తాను. దాని పేరు గావ్‌కావ్. మన ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్ కలిపి ఒకటే చేసి, రెండు నుంచి నాలుగు రోజుల్లో ముగించేస్తే ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించుకోండి. అదే గావ్‌కావ్. 2024లో దానికి 1 కోటి 34 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఏటా జూన్ 7న మొదలవుతుంది. ఇంగ్లీష్ పేపర్ జూన్ 8 మధ్యాహ్నం, మూడు నుంచి అయిదు దాకా. 150 మార్కులు. సాంస్కృతిక విప్లవం తర్వాత 1977 చివర్లో ఈ పరీక్షని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీష్‌కి ఇంత బరువు లేదు. ఏడాదికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చి, 1983 నాటికి పూర్తి మార్కులు లెక్కలోకి తెచ్చారు.

ఇప్పుడు ఎక్కువ రాష్ట్రాల్లో నడుస్తున్న కొత్త తరహా పేపర్ ఇలా ఉంటుంది. వినడానికి 30 మార్కులు. చదవడానికి 50. అందులో ఒక భాగం నాకు బాగా నచ్చుతుంది. ఒక వ్యాసంలో అయిదు చోట్ల వాక్యాలు తీసేసి ఖాళీలు వదులుతారు. పక్కన ఏడు వాక్యాలు ఇస్తారు. సరిపోయే అయిదింటిని ఏరి పెట్టాలి, మిగిలిన రెండూ దారి తప్పించడానికి. ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఎందుకు వచ్చిందో తెలియకుండా ఒక్క మార్కు కూడా రాదు. తర్వాత ఖాళీలు నింపే ప్రశ్నలు 30 మార్కులకి. చివరి 40 మార్కులు రాతకి. అందులో 15 ఒక చిన్న లేఖకి, 25 నేను చెప్పబోయే ప్రశ్నకి.

ఆ లేఖ రాసేది దాదాపు ఎప్పుడూ ఒకే మనిషి, లీ హువా. "నువ్వు లీ హువావి అనుకో" అని ప్రశ్న మొదలవుతుంది. విదేశీ స్నేహితుడిని పిలుస్తూ, టీచర్‌కి సలహా ఇస్తూ, స్కూలు పత్రికకి రాస్తూ, 80 మాటల్లో ముగించాలి. 1990ల నుంచి కోట్లమంది పిల్లలు లీ హువా అయ్యారు. ఈ లేఖకి అచ్చులు తయారైపోయాయి. మొదటి వాక్యం ఇది, చివరి వాక్యం ఇది అని కోచింగ్ వాళ్లు చేతిలో పెట్టేస్తారు. చేతిరాతకి కూడా ఒక అచ్చు ఉంది. హెబే రాష్ట్రంలో హెంగ్‌షుయ్ హైస్కూల్ పేరు మీద ప్రసిద్ధమైన ఇంగ్లీష్ చేతిరాత అది. అక్షరాలు గుండ్రంగా, నిలువుగా, ఒకే ఎత్తులో, అచ్చువేసినట్టే ఉంటాయి. జవాబు పత్రాలని స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతారు కాబట్టి, చూడగానే చదవగలిగే అక్షరానికి విలువ ఎక్కువ. అందుకే పిల్లలు దాన్ని కాపీ పుస్తకాల్లో దిద్ది దిద్ది నేర్చుకుంటారు. చేతిరాత నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆలోచనని కూడా అచ్చులో పోయడమే నాకు బాధ కలిగించేది.

ఇక మాటలు. పాఠ్య ప్రణాళిక ప్రకారం జూనియర్ హైస్కూల్ ముగిసేసరికి 1600 మాటలు, గావ్‌కావ్ నాటికి సుమారు 3000 మాటలు రావాలి. పేపర్లో ఆ జాబితా దాటిన మాట వస్తే పక్కనే దాని చైనీస్ అర్థం ఇచ్చేస్తారు. అంటే పరీక్ష పెట్టేవాళ్లు కొత్త మాటలతో భయపెట్టడం లేదు, తెలిసిన మాటతోనే పరీక్షిస్తారు. అడ్రస్ అంటే చిరునామా అని చిన్నప్పుడే నేర్చుకుంటాం. అదే మాట "సమస్య సంగతి చూడటం" అనే అర్థంలో వస్తే? బుక్ అంటే పుస్తకం, కానీ వాక్యంలో టికెట్ కొనడం అయితే? జాబితాని ముక్కున పట్టుకున్న పిల్లలు సరిగ్గా ఇక్కడే పడిపోతారు. చైనాలో చాలా మాటల పుస్తకాలు అక్షర క్రమంలో అబాండన్ అనే మాటతో మొదలవుతాయి. అక్కడ ఆ మాట రాని పిల్లలు ఉండరు. ఆ పుస్తకంలో తర్వాతి పేజీలు అంతగా గుర్తుండవు. జాబితా ఎక్కడ ఓడిపోతుందో ఈ ఒక్క విషయం చాలు చూపించడానికి.

2022 జూన్‌లో జరిగిన ఒక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంతకు ముందు ఏడాది జులైలో చైనా ప్రభుత్వం స్కూలు పాఠాల ప్రైవేటు ట్యూషన్ వ్యాపారం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. 1993లో మొదలైన న్యూ ఓరియంటల్ లాంటి పెద్ద కోచింగ్ సంస్థకి కూడా పని పోయినంత పనైంది. వాళ్లు ఆన్‌లైన్‌లో వ్యవసాయ సరుకులు అమ్మడం మొదలుపెట్టారు. అక్కడ ఇంగ్లీష్ టీచర్‌గా పనిచేసిన డాంగ్ యూహుయ్ కెమెరా ముందు నిలబడి, అమ్ముతున్న సరుకు పేరునీ దాని చుట్టూ వచ్చే మాటల్నీ తెల్ల బోర్డు మీద ఇంగ్లీష్‌లో రాస్తూ, కథ చెప్తూ అమ్మాడు. లక్షలమంది కూర్చుని చూశారు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా మాటలు నేర్చుకుని వెళ్లారంటే, ఆ మాట చుట్టూ ఒక వస్తువు, ఒక మనిషి, ఒక కథ ఉండటం వల్లే. నేను క్లాసులో మాటల జాబితా ఇవ్వడం మానేసింది ఇలాంటివి చూశాకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక కథ ఇస్తారు, ఒక పేజీ లోపలే. అది సగంలో ఆగిపోతుంది. మిగతా కథలో రెండు పేరాలు ఉండాలి. ఆ రెండు పేరాల మొదటి వాక్యాలు వాళ్లే ఇస్తారు. మిగిలినది పిల్లలు రాయాలి, సుమారు 150 మాటల్లో.

ఇది మొదటిసారి 2016 అక్టోబర్‌లో జెజియాంగ్ రాష్ట్రంలో వచ్చింది. అప్పట్లో ఇంకో షరతు ఉండేది. ఇచ్చిన కథలో కొన్ని మాటల కింద గీత గీసి, వాటిలో కనీసం అయిదు మీరు రాసే భాగంలో వాడాలి అనేవారు. తర్వాత జాతీయ పేపర్లోకి వచ్చేసరికి ఆ షరతు తీసేశారు. నన్నడిగితే ఉంచాల్సింది. దీని వెనక ఉన్న ఆలోచన గ్వాంగ్‌డాంగ్ విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వాంగ్ చూమింగ్‌ది. మంచి భాష పక్కన నిలబడి దాన్ని కొనసాగించబోతే, మన భాష తెలియకుండానే దాని ఎత్తుకి లేస్తుందని ఆయన వాదన. చదివినది అర్థమైతేనే కొనసాగించగలం, కొనసాగించాలంటే అందులోని మాటలే మళ్లీ చేతికి రావాలి. చదవడం ఎక్కడ ఆగిందో, రాయడం ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

2022 పేపర్ చూడండి. డేవిడ్ అనే పిల్లాడికి మెదడు జబ్బు. మిగతా పిల్లల్లా నడవలేడు, పరుగెత్తలేడు. కానీ స్కూల్లో పరుగు జట్టులో ఉన్నాడు. పెద్ద పోటీ రోజు వచ్చింది. వేరే స్కూళ్ల పిల్లలు చూసి నవ్వుతారేమోనని కోచ్ భయపడి, పరుగెత్తాలో వద్దో నువ్వే తేల్చుకో అని డేవిడ్‌తో అన్నాడు. డేవిడ్ పరుగెత్తనని తేల్చేసుకున్నాడు. ఈ కథ చెప్పేది ఆ పిల్లాడి టీచర్. కథ మధ్యలో ఒక వాక్యం ఉంది. డేవిడ్ ఒక్క రోజు కూడా ప్రాక్టీసు మానలేదట. అందరూ ముగించిన చాలాసేపటికి గానీ పరుగు ముగించలేడు, కానీ ఎప్పుడూ ముగించేవాడట.

కథ ఆగాక ఇచ్చిన మొదటి వాక్యం: మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం, కానీ డేవిడ్ నా వైపు చూడటం లేదు. రెండోది: మిగతా వాళ్లతో కలిసి డేవిడ్ మొదలు గీత దగ్గరికి వెళ్తుంటే చూస్తూ ఉన్నాను.

ఇక రాయండి. డేవిడ్ ఫస్ట్ వచ్చాడని రాస్తే కథకి పొంతన ఉండదు. ఎప్పుడూ ఆలస్యంగానైనా ముగించేవాడు అనే ఆ ఒక్క వాక్యాన్ని సరిగ్గా చదివిన పిల్లలకి ముగింపు అక్కడే దొరుకుతుంది. ఎవరూ మిగలని మైదానంలో, చివర్న, పడుతూ లేస్తూ గీత దాటతాడు. మొదటి పేరాలో టీచర్ ఏమనాలి? పెద్ద ఉపన్యాసం ఇవ్వకూడదు. నువ్వు ఒక్క ప్రాక్టీసు కూడా మానలేదు కదా అని కథలో ఉన్న సంగతే గుర్తుచేస్తే చాలు. మాట కొత్తది కాదు, కథలోదే. కానీ ఇప్పుడది డేవిడ్‌ని లేపి నిలబెట్టే మాట అయింది. దిద్దేవాళ్లు చూసేదీ ఇదే. ఇచ్చిన కథతో ఎంత కలిసింది, భాష ఎంత కచ్చితంగా, ఎంత వైవిధ్యంగా ఉంది, వాక్యం నుంచి వాక్యానికి నడక ఉందా.

2023లో వచ్చిన కథ నాకు ఇంకా ఇష్టం. చెప్పేది ఒక స్టూడెంట్. వాళ్లది బ్రెజిల్ నుంచి వచ్చిన కుటుంబం, ఇంగ్లీష్ వాళ్లకి రెండో భాష. రాయడమంటే ఇష్టం లేదు. సోషల్ టీచర్ వ్యాసాల పోటీకి రాయమంటే ముందు కాదనేస్తాడు. చివరికి, బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి 1775లో అమెరికాలో పాల్ రివీర్ చేసిన అర్ధరాత్రి సవారీని ఆయన గుర్రం వైపు నుంచి రాయాలనే ఆలోచన వస్తుంది. మళ్లీ మళ్లీ తిరగరాసి ముగిస్తాడు. ఆ తర్వాత ఏమైందన్నది పరీక్ష రాసేవాళ్ల చేతిలో ఉంది. రెండో భాషలో రాయడానికి భయపడే పిల్లలకి, రెండో భాషలో రాయడానికి భయపడిన పిల్లాడి కథ ఇచ్చి ముగించమన్నారు. ఆ పేపర్ తయారుచేసిన వాళ్లకి దండం పెట్టాలి.

అయితే కోచింగ్ ఈ ప్రశ్ననీ వదల్లేదు. ఏడుపుకి ఇన్ని వాక్యాలు, భయానికి ఇన్ని, కోపానికి ఇన్ని అని జాబితాలు అమ్ముతున్నారు. గొంతు పట్టేసింది, గుండె దడదడలాడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చివర్న సూర్యకాంతి వాళ్ల ముఖాల మీద పడింది. ఇవన్నీ ముందే కంఠతా పట్టి, ఏ కథ వచ్చినా అందులో అతికించడమే. డేవిడ్ కథలోనూ అదే సూర్యుడు, గుర్రం కథలోనూ అదే సూర్యుడు. మన దగ్గర మాత్రం వేరేగా ఉందా? పదో తరగతి ఇంగ్లీష్‌లో పాఠంలోని పాత్ర డైరీ రాయమనీ, ఇద్దరి మధ్య సంభాషణ రాయమనీ అడుగుతారు. ఎంత మంచి ప్రశ్నలు! కానీ గైడులో ఉన్న డైరీనే మక్కీకి మక్కీ దింపే పిల్లలున్నారు. ఆ డైరీలో పాత్ర పేరు మారితే చాలు, ఏ పాఠానికైనా సరిపోతుంది. ఇందులో నేను పిల్లల్ని తప్పుపట్టను. వాళ్లకి సమయం ఇవ్వకుండా మార్కులు అడిగేది మనమే.

మరి సాధన ఎలా? నేను నా క్లాసులో చేయించేది చెప్తాను. దీనికి చైనా పేపరే అక్కర్లేదు. ఒక పేజీ కథ ఏదైనా తీసుకోండి, మీ ఇంగ్లీష్ రీడర్‌లోదే అయినా పర్వాలేదు. సగం దాకా చదివి పుస్తకం మూసేయండి. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డుపడింది, ఇంకా తేలకుండా మిగిలింది ఏమిటి అని మూడు సంగతులు తెలుగులోనే రాసుకోండి. సిగ్గుపడక్కర్లేదు, ఆలోచించేది తెలుగులోనే కదా. తర్వాత మళ్లీ పుస్తకం తెరిచి, ఆ సగంలోనే మీకు పనికొచ్చే క్రియలు అయిదు ఏరండి. బయటి మాటలు వద్దు. ఇప్పుడు రాయండి, పదిహేను వాక్యాలు దాటకుండా. రాశాక రచయిత రాసిన మిగతా సగం చదవండి. మీ దారీ ఆ రచయిత దారీ ఎక్కడ విడిపోయాయో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వ్యాకరణం తప్పులు ఆ తర్వాత దిద్దుకోవచ్చు. ముందే దిద్దడం మొదలుపెడితే పిల్లలు చిన్న చిన్న వాక్యాల వెనక దాక్కుంటారు.

ఏరిన అయిదు క్రియల్నీ వారం తర్వాత ఇంకో కథలో వాడాలి. మాటని గుర్తుపట్టడం వేరు, అవసరానికి దాన్ని పిలవగలగడం వేరు. చదివేటప్పుడు 3000 మాటలు గుర్తుపట్టే పిల్లలు రాసేటప్పుడు పదే పదే వాడేది కొన్ని వందలే. ఆ దూరం తగ్గాలంటే వాడటం తప్ప ఇంకో దారి నాకు కనిపించలేదు.

సరే, ఈ వారం పని. 2024 పేపర్లోని కథ క్లుప్తంగా చెప్తాను, వినండి. చెప్పే మనిషికి ప్రాగ్‌లో సమావేశం ఉంది. వియన్నాలో విమానం దిగి చివరి బస్సు పట్టుకోవాలి. తుఫాను వల్ల విమానం ఆలస్యమైంది, బస్సుకి అరగంటే ఉంది. పరుగెత్తి టాక్సీ ఎక్కితే, గుంటర్ అనే డ్రైవర్ ఎలాగో బస్సు దగ్గరికి చేర్చాడు. తీరా దిగాక టాక్సీలో కార్డు నడవదు. చేతిలో నగదు లేదు. ఏటీఎం పని చేయడం లేదు. బస్సు బయల్దేరబోతోంది.

మొదటి పేరా మొదటి వాక్యం: నేను గుంటర్ దగ్గరికి పరుగెత్తుకెళ్లి ఆ చెడ్డ వార్త చెప్పాను. రెండో పేరా మొదటి వాక్యం: నాలుగు రోజుల తర్వాత వియన్నా తిరిగొచ్చి, మాట ఇచ్చినట్టే గుంటర్‌కి ఫోన్ చేశాను.

"మాట ఇచ్చినట్టే" అన్నది గమనించండి. మొదటి పేరాలో ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారో మీరే తేల్చాలి. ఇంగ్లీష్‌లో రాయండి, 150 మాటలు. తప్పులుంటాయని ఆగిపోకండి. రాసి కింద పెట్టండి. అన్నీ చదువుతాను, వచ్చే ఆదివారం వీడియోలో వాటిలో కొన్ని తీసుకుని వాక్యం వాక్యం కలిసి దిద్దుకుందాం.