టాక్సిక్ షాక్: రక్తశుద్ధి ఎంతవరకు?

అందరికీ నమస్కారం. ఐసీయూ బయట బంధువులు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "డాక్టరుగారూ, రక్తంలో విషాన్ని పీల్చేసే ఫిల్టరు ఉందటగా, మా అమ్మాయికీ పెట్టండి." టాక్సిక్ షాక్‌లో, అంటే బ్యాక్టీరియా విషం వల్ల బీపీ పడిపోయి అవయవాలు దెబ్బతినే జబ్బులో, ఆ ఫిల్టరు ఎంత పనికొస్తుందన్నదే ఇవాళ్టి మాట.

టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అన్న పేరు పెట్టింది డెన్వర్‌లోని జేమ్స్ టాడ్ బృందం, 1978లో, ఏడుగురు పిల్లల్ని చూశాక. 1980లో అమెరికాలో టాంపాన్లు (నెలసరిలో లోపల పెట్టుకునే దూది చుట్టలు) వాడిన ఆడపిల్లల్లో ఇది వరసగా బయటపడి, 'రిలై' అనే టాంపాన్ బ్రాండునే మార్కెట్ నుంచి తీసేశారు. అయితే ఇది ఆడవాళ్లకే వచ్చే జబ్బు కాదు. కాలిన గాయం, ఆపరేషన్ కోత, రక్తం ఆపడానికి ముక్కులో పెట్టిన ప్యాకింగ్... ఏదైనా చాలు.

స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలు వదిలే ఈ విషాన్ని సూపర్ యాంటిజెన్ అంటాం. మామూలు ఇన్ఫెక్షన్‌కి మన రోగనిరోధక వ్యవస్థలోని పదివేల టీ కణాల్లో ఏ ఒకటో రెండో స్పందిస్తాయి. ఇది అయిదో వంతు కణాల్ని ఒక్కసారిగా రెచ్చగొట్టగలదు. అవి కుమ్మరించే సైటోకైన్ల (వాపు పుట్టించే రసాయన సంకేతాల) ధాటికి రక్తనాళాల్లోంచి నీరు కారిపోతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలు మొరాయిస్తాయి.

ఇక ఫిల్టర్లు. జపాన్‌లో 1994 నుంచీ వాడుతున్న పాలిమిక్సిన్ కాలమ్ (రక్తాన్ని పాలిమిక్సిన్ మందు పూసిన గొట్టం గుండా పంపే ఫిల్టరు) పట్టుకునేది ఎండోటాక్సిన్ అనే మరో విషాన్ని. అది గ్రామ్ నెగెటివ్ అనే వేరే రకం బ్యాక్టీరియా గోడలో ఉండేది. మన నేరస్థులు స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్‌లేమో గ్రామ్ పాజిటివ్ రకం. దొంగ పెరట్లోంచి వస్తుంటే వీధి తలుపుకి తాళం వేసినట్టు! పోనీ ఎండోటాక్సిన్ ఎక్కువున్న సెప్టిక్ షాక్‌లోనైనా (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్ ముదిరి బీపీ పడిపోయే స్థితి), 450 మందిపై చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో మరణాలు తగ్గలేదు. సైటోసార్బ్ లాంటి పూసల ఫిల్టర్ సైటోకైన్లని పీల్చుతుంది, వాదన కూడా సబబుగానే ఉంటుంది. కానీ టాక్సిక్ షాక్‌లో మన చేతిలో ఉన్నవి ఎక్కువగా ఒకరిద్దరు రోగుల కథలే. బతికినవాళ్ల కథలే ఎక్కువగా అచ్చవుతాయని మరవకండి. పైగా ఆ పూసలకి మంచీ చెడూ తెలియదు, వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందుల్నీ లాగేస్తాయి. 2021 సెప్సిస్ మార్గదర్శకాలు పాలిమిక్సిన్ వద్దనే సూచించాయి, మిగతావాటికి ఆధారాలు చాలవన్నాయి.

కాబట్టి నా వరస ఇది. ముందు విషం పుట్టేచోటు వెతకాలి: టాంపానైతే తీసెయ్యాలి, చీముంటే సర్జన్‌ని పిలవాలి, అదీ వెంటనే. సెలైన్, బీపీ నిలబెట్టే మందులు, బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్. దానికి తోడు క్లిండామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ తప్పనిసరి, ఎందుకంటే విషం తయారీనే ఆపేది అది. స్ట్రెప్టోకాకస్ అయితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) గురించీ ఆలోచిస్తాం.

ఇవన్నీ జరిగాక కూడా బీపీ నిలవక, కిడ్నీలు ఆగి ఎలాగూ డయాలసిస్ పెట్టాల్సి వస్తే, అదే గొట్టాలకి ఫిల్టరు తగిలించడం గురించి ఇంటివాళ్లతో మాట్లాడతాను. ఖర్చెంతో, ఆధారమెంతో రెండూ చెప్పి, యాంటీబయాటిక్ మోతాదులు సరిచూసుకునే మొదలుపెడతాను.