ఉన్న ఇంట్లోనే టూరిస్టు

శ్రోతలకు నమస్కారం.

2025 మార్చిలో ఒక రాత్రి టెక్సస్ నుంచి ఖమ్మంలోని మా నాన్నకు ఫోన్ చేశాను. 'నాన్నా, మేం టూరిస్ట్ వీసాకి మారుతున్నాం' అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, 'అదేంట్రా, ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంటున్నావు. ఇప్పుడు కొత్తగా టూరిస్టువేంటి?' అన్నారు. ఈలోగా అమ్మ ఫోన్ లాక్కుని, 'నేను చిలుకూరు వెళ్లొస్తాలే' అంది. నాకు హెచ్‌1బీ ఉద్యోగ వీసా వచ్చినప్పుడు బాలాజీ గుడి చుట్టూ 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకున్న మనిషి ఆమె. మళ్లీ మొక్కుకునేటప్పుడు చేసే 11 ప్రదక్షిణలకు తయారు. కాకపోతే ఒక అనుమానం వచ్చింది. 'ఇంతకీ ఏమని మొక్కుకోమంటావు? వీసా రావాలనా, ఉన్నది పోకూడదనా?'

ఆ రాత్రి ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలు చాలామందే ఉంటారు. 'బీ2కి అప్లై చేశాం', అంటే టూరిస్టు హోదా అడిగాం అనే మాట మీ ఫోన్లో కూడా ఎప్పుడైనా వినిపించవచ్చు. అందుకే ఆ సంగతేమిటో చెబుతాను.

జనవరి మధ్యలో ఒక మంగళవారం. పొద్దున 9 గంటలకు పావుగంట మీటింగు పెట్టారు. వీడియోలో మా మేనేజరు పక్కన హెచ్‌ఆర్ ఆవిడ కనిపించగానే విషయం అర్థమైపోయింది. తొమ్మిదింబావుకల్లా లాప్‌టాప్ లాక్ అయింది. జీతం లెక్కలో ఆఖరి రోజు జనవరి 31 అన్నారు. సెవరెన్స్ కింద, అంటే తీసేసినందుకు పరిహారంగా, మరికొంత డబ్బు ఇస్తామన్నారు.

హెచ్‌1బీ అనేది కంపెనీని పట్టుకుని ఉండే అనుమతి. ఉద్యోగం ఉన్నంతవరకే అది ఉంటుంది. పోయిన మర్నాటి నుంచి 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే దేశంలో ఉండనిచ్చే వ్యవధి, మొదలవుతుంది. 2017 జనవరిలో ఈ నిబంధన అమల్లోకి వచ్చేదాకా ఈ మాత్రం వెసులుబాటు కూడా ఉండేది కాదు. 60 రోజులంటే సెలవులూ శని ఆదివారాలూ అన్నీ కలిపే. ఈలోపే ఐ-94 గడువు, అంటే దేశంలో ఉండనిచ్చిన తేదీ, తీరిపోతే అక్కడితో సరి. సెవరెన్స్ ఎన్ని నెలలకు సరిపడా ఇచ్చినా రోజుల లెక్క ఆగదు. మాకు ఫిబ్రవరి 1 మొదటి రోజు. క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెడుతూ పోతే 60వ రోజు ఏప్రిల్ 1 అయింది. 'తేదీ కూడా మనల్ని ఆటపట్టిస్తోంది' అంది మా ఆవిడ.

ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ దొరికి, వాళ్లు మన తరఫున హెచ్‌1బీ పిటిషన్ వేస్తే చిక్కే లేదు. పిటిషన్ అందిన రోజు నుంచే పనిలో చేరిపోవచ్చు. భార్యకో భర్తకో సొంతంగా హెచ్‌1బీ ఉంటే వాళ్ల మీద ఆధారపడే హెచ్4కి మారిపోవచ్చు. కొందరు మళ్లీ కాలేజీలో చేరి విద్యార్థి హోదా ఎఫ్1 తీసుకుంటారు. మా ఇంట్లో మా ఆవిడే నా మీద ఆధారపడి హెచ్4లో ఉంది. నేను పదమూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రెండు చోట్ల ఆఖరి రౌండు దాకా వెళ్లాను. అంతే. మార్చి రెండో వారానికి మిగిలింది రెండే దారులు: ఏప్రిల్ 1 లోపు సర్దుకుని విమానం ఎక్కడం, లేదంటే బీ2కి దరఖాస్తు పెట్టడం.

మా నాన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. మనం వీసా అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్పేస్తుంటాం. పాస్‌పోర్టులో అతికించే స్టాంపు వీసా. అది కాన్సులేటులో ఇస్తారు, గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి అడుగుపెట్టాక ఏ హోదాలో, ఏ తేదీ వరకు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. అమెరికాలో కూర్చుని మార్చుకునేది ఈ రెండోదాన్నే. దీన్ని స్టేటస్ అంటారు. దరఖాస్తు ఫారం పేరు ఐ-539. అది మంజూరైనా పాస్‌పోర్టులో కొత్త స్టాంపేమీ పడదు. ఒకసారి దేశం దాటితే ఆ స్టేటస్ అక్కడితో సరి. మళ్లీ రావాలంటే కాన్సులేటు మెట్లెక్కాల్సిందే. కాబట్టి 'టూరిస్ట్ వీసాకి మారుతున్నాం' అని నాన్నతో నేను చెప్పిన మాటే తప్పు. మేం అడుగుతున్నది కొన్నాళ్ల గడువు మాత్రమే.

నేను దరఖాస్తు పెట్టినప్పుడు ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితాల మీద అయితే 470 కట్టాలి. మా ఆవిడ పేరు కూడా నా దరఖాస్తులోనే చేర్చాం. పాపకు ఆ అవసరం లేదు. ఐదేళ్ల కిందట అక్కడే పుట్టింది, అమెరికా పౌరురాలు. ఆ పెట్టుబడి లేని అదృష్టం అప్పుడు మాకు వింతగా తోచింది. ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర అన్నం తింటున్న ముగ్గురిలో, చెంచాతో పప్పన్నం కెలుకుతున్న చిన్నది ఆ ఇంటి మనిషి, మేమిద్దరం వచ్చిపోయేవాళ్లం.

ఫారం నింపడం పెద్ద కష్టం కాదు. అసలు కష్టమంతా దాంతోపాటు పెట్టే ఉత్తరంలో ఉంటుంది. ఎందుకు ఉండాలనుకుంటున్నారు, ఎప్పుడు వెళ్లిపోతారు, అప్పటిదాకా పని చేయకుండా ఎలా బతుకుతారు, తిరిగి వెళ్లడానికి మీ దేశంలో ఇల్లూ వాకిలీ ఉన్నాయా? ఈ నాలుగూ అధికారికి నమ్మకం కలిగేలా రాయాలి. ఒక మిత్రుడు తాను పెట్టిన ఉత్తరం పంపితే, రాత్రి పదకొండింటికి టేబుల్ దగ్గర కూర్చుని పేర్లు మార్చి దించేశాను. గ్రాండ్ కాన్యన్ చూడాలని, ఎల్లోస్టోన్ చూడాలని, నయాగరా చూడాలని ఉంది. మా ఆవిడ వెనక నిలబడి చదివి పకపకా నవ్వింది. 'ఎనిమిదేళ్లలో మనం చూసింది నయాగరా ఒక్కటి. అదీ అత్తయ్యా మామయ్యా వచ్చినప్పుడు' అంది.

మర్నాడు మా ఇమిగ్రేషన్ లాయరు, అదే అటార్నీ, కూడా ఆ కాగితం పక్కన పెట్టేశారు. 'మీరు నిజంగా ఏం చేయాలనుకుంటున్నారో అది రాయండి. తేదీలతో రాయండి' అన్నారు. నిజం రాస్తే ఉత్తరం పేజీన్నరలో అయిపోయింది. అద్దె ఇంటి ఒప్పందం మే 31 దాకా ఉంది. పాప కిండర్‌గార్టెన్ మే నెలాఖరుకు ముగుస్తుంది. కారు, సామాను అమ్మాలి. పాప ఇండియాలో వీసా గొడవ లేకుండా ఉండాలంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు కావాలి, దానికి దరఖాస్తు పెట్టాం. జూన్ 7కి టికెట్లు తీసుకున్నాం. ఎందుకైనా మంచిదని జూన్ 15 దాకా గడువు ఇప్పించండి.

వీటికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్కూలు క్యాలెండరు, టికెట్లు జతచేశాం. ఖమ్మంలో మాకు ఇల్లుందని రుజువు కావాలన్నారు. నాన్న ఇంటి పన్ను రసీదును మంచం మీద పరిచి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఓ మూల ఆయన బొటనవేలు కూడా పడింది. మళ్లీ తీయమంటే నొచ్చుకుంటారని వేలితో సహా ప్రింటు తీసి పెట్టేశాను. మార్చి 24న, అంటే 52వ రోజున దరఖాస్తు వెళ్లింది. రసీదు నోటీసు వచ్చింది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. రసీదు వచ్చిందంటే బీ2 వచ్చినట్టు కాదు. గడువు లోపల సక్రమంగా పెట్టిన దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం అక్రమంగా ఉన్న రోజులుగా లెక్కించరు, అంతే. తిరస్కరిస్తే ఆ మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. అలా 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. అడిగిన తేదీ దాటిపోయినా జవాబు రాని కేసులున్నాయి. అప్పుడు ఇంకా ఉండాలనుకుంటే ఆ తేదీలోపే మరో ఐ-539 పెట్టుకోవాలి. ఈ మధ్యలో దేశం దాటితే స్టేటస్ మార్పు దరఖాస్తును వదులుకున్నట్టే. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఓ వారం వచ్చి వెళ్దామంటే కుదరదు.

ఉద్యోగం వెతుక్కోవచ్చా? వెతుక్కోవచ్చు, ఇంటర్వ్యూలకు కూడా వెళ్లవచ్చు. 2023లో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్ ఈ మాట స్పష్టంగా చెప్పింది. పనిలో చేరడం మాత్రం కుదరదు. 60 రోజుల్లో అయితే కొత్త పిటిషన్ అందగానే చేరొచ్చని చెప్పాను కదా, ఆ సౌకర్యం ఇక ఉండదు. పిటిషన్, స్టేటస్ మార్పు రెండూ మంజూరై అమల్లోకి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. బీ2 తిరస్కరిస్తే దాని మీద ఆనుకున్న హెచ్‌1బీ మార్పు కూడా చిక్కుల్లో పడుతుంది. పిటిషన్ ఒప్పుకున్నా, దేశం బయటికి వెళ్లి రమ్మంటారు. 2025 సెప్టెంబరు నుంచి దీనికి ఇంకో మెలిక పడింది. అమెరికా బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్‌1బీ వీసా చేతిలో లేనివాళ్ల కోసం కొత్త పిటిషన్ వేస్తే లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. లోపలే స్టేటస్ మార్చుకోగలిగితే ఆ భారం పడదు. లోపల మార్పు కుదరదని అధికారి తేలిస్తే పడుతుంది. ఏ కంపెనీ అంత డబ్బు పెడుతుంది చెప్పండి!

అందుకే బీ2ని ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపానికి వాడుకుందామంటే నేను ఒప్పుకోను. చేసేవాళ్లున్నారు, కొందరికి కలిసొచ్చింది కూడా. నా మట్టుకు నాకు అది ఇల్లు సర్దుకోవడానికి ఇచ్చే వ్యవధిలాగే కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకాయన ఫోన్ చేశాడు. మనవాడే, తెలుగు కన్సల్టెన్సీ. 'బ్రదర్, ఎందుకీ బీ2 తలనొప్పి? నేను పేరోల్ రన్ చేస్తా. నెలనెలా డబ్బులు నువ్వు నాకు పంపు, నేను పే స్టబ్ ఇస్తా. ప్రాజెక్టు వచ్చాక చూసుకుందాం' అన్నాడు. అంటే లేని ఉద్యోగానికి నా జీతం నేనే ఇచ్చుకుని, దానికి పే స్టబ్ అనే జీతం చీటీ తీసుకోవడం. గొంతు ఎంత ఆత్మీయంగా ఉందంటే ఒక పూటంతా ఆలోచించాను, దాపరికం ఎందుకు. అది మోసం. బయటపడితే జన్మలో మళ్లీ వీసా ఇవ్వరు. మీ పిల్లలు 'అన్నా' అని పిలిచే ఎవరో పేరోల్ చూసుకుంటున్నారని చెబితే, ఆ పేరోల్ వెనక పని ఉందో లేదో గట్టిగా అడగండి.

ఇంకో రెండు సంగతులు, ఖర్చులకు సంబంధించినవి. ఉద్యోగం పోయాక పాత ఆరోగ్య బీమాను సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి ఉంది. దాని పేరు కోబ్రా. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి బిల్లు చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. రెండోది చాలామందికి తెలియదు. హెచ్‌1బీ గడువు తీరకముందే కంపెనీ తనంతట తాను తీసేస్తే, ఉద్యోగి స్వదేశం చేరడానికయ్యే ప్రయాణ ఖర్చు కంపెనీయే భరించాలి. ఇది నిబంధన. మా హెచ్‌ఆర్‌కు రాస్తే మొదట అలాంటిదేమీ లేదన్నారు. అటార్నీ మాట చెప్పి మళ్లీ రాస్తే నా ఒక్కడి టికెట్ డబ్బులు ఇచ్చారు. కుటుంబానికి వర్తించదు.

మే ఆఖరి వారంలో సోఫా, మంచాలు, పాప సైకిలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. గ్రైండరు కొనడానికి వచ్చినామె వరంగల్ అమ్మాయి. వచ్చి నెల కూడా కాలేదట, హెచ్4 మీద. 'మీరు ఎందుకు వెళ్లిపోతున్నారండీ' అని అడిగింది. మా ఆవిడ గ్రైండరు ఎలా బిగించాలో చూపించి మాట మార్చేసింది. ఖాళీ ఇంట్లో చివరి రెండు రాత్రులూ కార్పెట్ మీద పడుకున్నాం. తర్వాత ఫ్రిస్కోలో మిత్రుడి ఇంటికి మారాం. అడ్రసు మారితే 10 రోజుల్లో తెలియజేయాలి, అదీ చేశాం. జూన్ 7న విమానం ఎక్కాం. ఆరేళ్ల హెచ్‌1బీలో నాకింకా ఏడాదిన్నర పైగా మిగిలి ఉంది. ఏ కంపెనీ అయినా మళ్లీ ముందుకొస్తే, కొత్తవాళ్లను హెచ్‌1బీకి ఎంపిక చేసే లాటరీతో పని లేకుండా దాన్ని వాడుకోవచ్చు. లక్ష డాలర్ల సంగతి మాత్రం మర్చిపోకూడదు.

జులై 9న మిత్రుడు ఫోన్ చేశాడు. 'బావా, నీ పేరు మీద కవరొచ్చింది. చించనా?' అన్నాడు. అందులో ఏమున్నా ఇప్పుడు మాకు ఒరిగేదేమీ లేదు. అయినా చించి ఫొటో పంపమన్నాను. రేపు నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో 'ఉద్యోగం పోయాక నాలుగు నెలలు అక్కడేం చేశారు' అని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. ఫొటో వచ్చింది. మా దరఖాస్తు మంజూరైంది. జూన్ 15 వరకు మేమిద్దరం అమెరికాలో విజిటర్లుగా ఉండవచ్చట.

ప్రింటు తీసి నాన్న చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని తేదీలు రెండుసార్లు చదివారు. 'అయితే టూరిస్టులేలే' అని, బోర్డింగ్ పాసులతో కలిపి ఫైల్లో ఇంటి పన్ను రసీదు కింద పెట్టేశారు.

నమస్కారం.