టికెట్ కొన్న రోజు పొద్దున ఏం చేశావు?

హోస్ట్: అక్కా, సిరియా యుద్ధానికి వెళ్లొచ్చిన కుర్రాళ్ల గురించి డెన్మార్క్‌లో మీరు చేసిన ఫీల్డ్ వర్క్‌తోనే మొదలుపెడదాం. ఆర్హుస్ ఊరే ఎందుకు?

గెస్ట్: డెన్మార్క్‌లో అది రెండో పెద్ద నగరం. 2013లో అక్కడి నుంచి దాదాపు 30 మంది సిరియా వెళ్లారు. మరుసటి ఏడాది వెళ్లింది ఒక్కరే అని అక్కడి పోలీసులు చెప్పారు. తిరిగొచ్చినవాళ్ల మీద నేరానికి ఆధారాలు ఉంటే కేసు. లేకపోతే చదువు, ఉద్యోగం, వైద్యం, తోడుగా ఒక మెంటర్. పోలీసులు, మునిసిపాలిటీ కలిసి 2007 నుంచే ఈ పని చేస్తున్నారు. తగ్గిందంతా దీనివల్లే అని నేను అనను. 2014కల్లా సిరియాలో ఏం జరుగుతోందో అందరికీ కనిపిస్తోంది కదా.

హోస్ట్: ఆ కుర్రాళ్లు మీతో మాట్లాడారా?

గెస్ట్: మాట్లాడారు, కానీ మొదటి రెండు నెలలు నా నోట్‌బుక్‌లో పనికొచ్చేది ఏమీ లేదు. అందరినీ "ఎందుకు వెళ్లావు?" అని అడిగేదాన్ని. "మా వాళ్లు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోవాలా?" అనేవాళ్లు. అబద్ధమని కాదు. పోలీసులకూ అదే చెప్పారు, అమ్మకూ అదే చెప్పారు. అలవాటైపోయిన జవాబు. ఒకరోజు ఒక అబ్బాయిని "టికెట్ కొన్న రోజు పొద్దున ఏం చేశావు?" అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఉద్యోగాలకు పెట్టిన దరఖాస్తుల గురించి చెప్పాడు. ఒక్కచోట నుంచీ పిలుపు రాలేదట. ఆ రోజుల్లో రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగింది ఒక్కడే. సిరియాకు దారి చూపించినవాడు.

హోస్ట్: అయ్యో...

గెస్ట్: అందుకే అక్కడ మెంటర్ మతం మీద వాదన పెట్టుకోడు. మెంటర్లకు శిక్షణ ఇచ్చింది ఆర్హుస్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త ప్రెబెన్ బెర్టెల్సెన్. మెంటర్ చెప్పేది ఒకటే: నీ నమ్మకం నీది, హింస మాత్రం వద్దు, అంతే. ముందు ఆ "తిన్నావా" అని అడిగే చోటు మెంటర్‌ది కావాలి.

హోస్ట్: ఇంట్లోవాళ్లకు ముందే తెలియదా?

గెస్ట్: ఒక అమ్మ నాతో అంది, "సిగరెట్లు మానేసి నమాజు చేస్తున్నాడని సంతోషపడ్డాను, ఇప్పుడు అది తలుచుకుంటే నిద్ర పట్టదు" అని. ఆమె తప్పేమీ లేదు తమ్ముడూ. నమాజు ప్రమాద సూచన కానే కాదు. వాడు ఫుట్‌బాల్ మానేశాడు, పాత స్నేహితులతో మాట మానేశాడు. చూడాల్సింది అది.

హోస్ట్: మన దగ్గర కూడా కౌన్సెలింగ్ చేశారు కదా?

గెస్ట్: 2014లో సిరియా వెళ్లాలని బయల్దేరిన హైదరాబాద్ కుర్రాళ్లను బెంగాల్‌లో ఆపి, కౌన్సెలింగ్ ఇచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లలో కనీసం ఒకడు 2015 డిసెంబర్‌లో నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టులో మళ్లీ దొరికాడు.

హోస్ట్: అంటే, అది పనిచేయదనేనా?

గెస్ట్: ఆ ఒక్క కేసు చూసి అలా అనలేం. మధ్యలో ఏడాదికి పైగా గడిచింది. అన్నాళ్లూ వాడిని వారం వారం ఎవరు కలిశారు? నాకు కావాల్సిన జవాబు అదే. హైదరాబాద్‌లో ఈ పని మొదలుపెడితే ముందు చెల్లెళ్లను కలుస్తాను. ఆర్హుస్‌లో నేను వెళ్లిన నాలుగు ఇళ్లలో మూడింట మార్పును ముందు పసిగట్టింది చెల్లెళ్లే. వాళ్లను అప్పటిదాకా ఎవరూ అడగలేదు.