రౌటర్ పోతే సరే, కేబుల్ తెగితే?

[దృశ్యం: మాదాపూర్‌లో ఒక వీధి. కరెంటు స్తంభానికి గుత్తులుగా వేలాడుతున్న కేబుళ్లు.]

ఈ స్తంభం చూశారా? మా ఆఫీసు ఇంటర్నెట్ వచ్చేది దీని మీదుగానే. పోయిన వానాకాలం ఓ మధ్యాహ్నం లైన్ తెగింది. మాకు రౌటర్లు రెండు, కనెక్షన్లు రెండు. అయినా నెట్ రాలేదు!

[స్క్రీన్: రెండు రౌటర్లు, కింద కంప్యూటర్లు.]

కంప్యూటర్లన్నింటికీ గేట్‌వే, అంటే నెట్‌కు వెళ్లే ద్వారం అడ్రస్, 192.168.10.1. అది ఏ రౌటర్ సొంతమూ కాదు, ఉమ్మడి ఆస్తి. సిస్కో కంపెనీ రౌటర్లలో ఈ ఏర్పాటును హెచ్‌ఎస్‌ఆర్‌పీ అంటారు. వేర్వేరు కంపెనీల రౌటర్లుంటే అలాంటిదే అయిన వీఆర్‌ఆర్‌పీ వాడండి. రౌటర్లు 3 సెకన్లకోసారి హలో చెప్పుకుంటాయి. యాక్టివ్ రౌటర్, అంటే పనిలో ఉన్నదాని నుంచి 10 సెకన్లు హలో రాకపోతే స్టాండ్‌బై, అంటే సిద్ధంగా కాచుకున్న రెండోది, ఆ అడ్రస్‌ను అందుకుంటుంది. మ్యాక్ అడ్రస్ (లోపలి నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) కూడా ఉమ్మడిదే కాబట్టి కంప్యూటర్లకు మార్పే తెలియదు.

ఎవరు యాక్టివ్ అన్నది తేల్చేది ప్రయారిటీ అనే అంకె, ఎక్కువున్నదే గెలుస్తుంది. అది మామూలుగా 100. మొదటి రౌటర్‌కు 110 ఇచ్చాం. దాని పవర్ తీసి టెస్ట్ చేశాం, పాసైంది. సంబరపడ్డాం.

తిరకాసు ఎక్కడంటే, హలోలు తిరిగేది ఆఫీసు లోపలి వైపు. బయట కేబుల్ తెగినా మన రౌటర్ హాయిగా హలో అంటూనే ఉంటుంది. ప్యాకెట్లన్నీ దాని దగ్గరికే వెళ్లి గంగలో కలుస్తాయి.

పోనీ, బయటి పోర్టును ట్రాక్ చేస్తే, అంటే అది ఆరిందో లేదో కనిపెట్టి ఉండమని రౌటర్‌కు చెబితే? ఆ పోర్టు కలిసేది ఆఫీసులోని ప్రొవైడర్ పెట్టెకు, దానికి కరెంటు ఉన్నంతసేపూ పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది. తెగింది స్తంభం దగ్గర కదా! అందుకే ఐపీ ఎస్‌ఎల్‌ఏ (లైన్‌ను పదేపదే పరీక్షించే రౌటర్ సదుపాయం) పెట్టి 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కు పింగ్, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న సందేశం, పంపించండి. ఎంతకోసారి అన్నది చెప్పకపోతే 60 సెకన్లకోసారే పంపుతుంది, 5 పెట్టండి. జవాబు రాకపోతే ప్రయారిటీలో 20 కోయమనండి. అంకె ఇవ్వకుండా వదిలేస్తే కోసేది 10 మాత్రమే. అప్పుడు ఇద్దరూ 100 దగ్గర సమానం, పని తేలదు. 20 కోస్తే 90.

మేం రెండోసారి బోల్తా పడింది ప్రీఎంప్ట్ దగ్గర, అంటే ప్రయారిటీ ఎక్కువున్న రౌటర్ యాక్టివ్ స్థానాన్ని లాక్కునే సెట్టింగ్ దగ్గర. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయకపోతే పక్కదాని ప్రయారిటీ పడిపోయినా స్టాండ్‌బై చోద్యం చూస్తుంది. రెండు రౌటర్లలోనూ పెట్టండి, లైన్ బాగయ్యాక మొదటిది తన స్థానం తిరిగి తీసుకోవాలి కదా.

అన్నట్టు, మీ రెండో కనెక్షన్ కూడా అదే స్తంభం మీదుగా వస్తోందేమో ఓసారి బయటికెళ్లి చూడండి. మాది వెనక వీధి నుంచి లాగించుకున్నాం.

[స్క్రీన్: పింగ్ విండో. చేతిలో ఫైబర్.]

ఇప్పుడు పవర్ జోలికి పోను. పెట్టెలోకి వచ్చే ఫైబర్ పీకేస్తున్నా. టైమవుట్... ఇంకోటి... ఆఁ, జవాబొచ్చింది.